మెడికల్ బిల్లు పుట్టుపూర్వోత్తరాలు

ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, నిజాంసాగర్ గురించో దోమకొండ కోట గురించో రాయమని మిత్రులు సలహా ఇచ్చారు. వాటి గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. ట్రెజరీ శాఖలో, ఎక్కువ భాగం కామారెడ్డి, ఎల్లారెడ్డి సబ్ ట్రెజరీలలో, బిల్లుల మధ్య సర్వీసు గడిపిన నాకు దగ్గరగా తెలిసిన చరిత్ర ఒకటుంది. అది మెడికల్ బిల్లు చరిత్ర. రాజుల కథ కాదు కనుక దీన్ని ఎవరూ రాయరు. కానీ అరవై దాటిన మనందరి జీవితాలు ఈ కాగితం చుట్టూనే తిరుగుతున్నాయి గదా!

దొంగ బిల్లు ఎలా పుడుతుంది, దాని వల్ల నష్టపోయేది ఎవరు, దాన్ని ఆపే ప్రయత్నాలు ఎప్పటి నుంచి జరుగుతున్నాయి, చిన్న ఊళ్లలోని చిన్న వైద్యశాలలు, ముఖ్యంగా ఈమధ్య పెరిగిన ఫిజియోథెరపీ కేంద్రాలు, వాటికి వెళ్లే మనం ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్న విషయాలు నాకు తెలిసినంత వరకు మనవి చేస్తాను.

తాలూకా రోజులు

నేను 1976లో ఉద్యోగంలో చేరాను. అప్పటికి కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ నిజామాబాద్ జిల్లాలో తాలూకా కేంద్రాలు. కామారెడ్డికి సికింద్రాబాద్ - మన్మాడ్ రైలు మార్గం ఉంది, జాతీయ రహదారి ఉంది, పేరున్న బెల్లం మార్కెట్టు ఉంది. ఎల్లారెడ్డికి రైలు లేదు. లింగంపేట మీదుగా వచ్చే బస్సే దిక్కు. జబ్బు ముదిరితే ఎల్లారెడ్డి వారు కామారెడ్డికి, కామారెడ్డి వారు నిజామాబాదుకో హైదరాబాదుకో పోవలసిందే. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల పేర్లు తెలియని ఇల్లు ఆ రోజుల్లో లేదు.

అప్పట్లో ట్రెజరీకి మెడికల్ బిల్లు రావడమే అరుదు. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. అక్కడ లేని మందు బయట కొంటే ఆ ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. దీనికి ఆధారం 1972 నాటి ఆంధ్రప్రదేశ్ సమీకృత వైద్య సహాయ నిబంధనలు. అందరం ఇంగ్లీషు పొడి అక్షరాలతో 'ఎ.పి.ఐ.ఎం.ఎ. రూల్సు' అనేవాళ్లం. డాక్టరు ఇచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, మందుల దుకాణం వారి క్యాష్ బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఇదివరకు ఈ సొమ్ము తీసుకోలేదన్న నాన్ డ్రాయల్ సర్టిఫికెట్టు, కుటుంబ సభ్యుల కోసమైతే వారు తనపై ఆధారపడిన వారన్న ధ్రువీకరణ జతచేసేవారు. ఈ కట్టలో ఒక్కొక్క కాగితం ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. మందు అవసరమా? కొన్నారా? మంచంలో ఉన్నారా? ఒకసారే అడుగుతున్నారా? అడుగుతున్నది ఎవరి కోసం? ఈ ఐదు ప్రశ్నలే వైద్య ఖర్చుల తనిఖీకి పునాది. కంప్యూటర్లు వచ్చినా ప్రశ్నలు మారలేదు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కార్యాలయాలు పెరిగాయి, ఉద్యోగులు పెరిగారు. ఇంచుమించు అదే కాలంలో చిన్న పట్టణాలలో నర్సింగ్ హోములు వెలిశాయి. ప్రైవేటు వైద్యానికి కూడా షరతులతో సొమ్ము ఇవ్వడం మొదలయ్యాక మెడికల్ బిల్లుల కట్ట లావెక్కింది. నిమ్స్ రేట్లు, రిఫరల్ లెటర్లు, గుర్తింపు పొందిన ఆసుపత్రుల జాబితాలు వచ్చాయి. 2005 మార్చి 15 నాటి 74వ నంబరు జి.ఓ. ఆ రోజుల్లో ప్రతి గుమాస్తా సొరుగులోనూ ఉండేది.

బీమా వచ్చిన దారి

జబ్బు ఖర్చును నలుగురూ పంచుకోవాలన్న ఆలోచన పాతదే. చట్టం రూపంలో దాన్ని దేశమంతటికీ తెచ్చింది 1883లో జర్మనీ, బిస్మార్కు కాలంలో. కార్మికుడూ యజమానీ కలిసి నిధికి డబ్బు కట్టేవారు. జబ్బు పడితే వైద్యమూ, కొంత భత్యమూ అందేవి. చిత్రమేమంటే, నిధి మొదలైనప్పటి నుంచే అనుమానమూ మొదలైంది. జబ్బని భత్యం తీసుకునే మనిషి నిజంగా ఇంట్లో పడుకున్నాడా లేదా చూసి రమ్మని నిధి సంఘాలు తమ మనుషులను ఇళ్లకు పంపేవి.

మన దేశంలో 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు మొదలైంది. తప్పుడు ప్రకటనతో సొమ్ము పొందితే శిక్ష అని ఆ చట్టంలోనే రాశారు. 1954లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం, అంటే సి.జి.హెచ్.ఎస్., ఢిల్లీలో ప్రారంభమైంది. మన ప్రాంతంలో వేలాదిగా ఉన్న బీడీ కార్మికుల కోసం 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. 1986లో ప్రభుత్వ రంగ జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు 'మెడిక్లెయిమ్' పాలసీ ప్రవేశపెట్టాయి. 1999 చట్టంతో బీమా నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2001లో ఆసుపత్రికీ కంపెనీకీ నడుమ బిల్లులు చూసే టి.పి.ఎ.లకు నిబంధనలు వచ్చాయి. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది.

ప్రభుత్వ రీయింబర్సుమెంటుకూ బీమాకూ తేడా ఉన్నా, మోసం జరిగే చోటు రెండింటిలోనూ ఒకటే. వైద్యం పొందేది ఒకరు, చేసేది ఒకరు, డబ్బిచ్చేది మరొకరు. ఇచ్చేవాడు మంచం పక్కన ఉండడు. అతనికి కనిపించేది కాగితమే.

లేని మంచం

దొంగ బిల్లు అనగానే అసలు జబ్బే లేని మనిషిని ఊహించుకుంటాం. అటువంటివీ ఉన్నాయి. కానీ నా చేతుల మీదుగా పోయిన అనుమానపు బిల్లులలో ఎక్కువ భాగం అటువంటివి కావు. జబ్బు నిజం, నొప్పి నిజం, వైద్యమూ నిజం. మంచం ఒక్కటే అబద్ధం.

కారణం నిబంధనలలోనే ఉంది. మన రీయింబర్సుమెంటు ప్రధానంగా ఇన్ పేషెంటుకే. గుండె జబ్బు, క్యాన్సరు, మూత్రపిండాల వంటి కొన్నిటిని మినహాయిస్తే బయటి రోగిగా చూపించుకున్న ఖర్చు రాదు. మెడిక్లెయిమ్ కూడా సాధారణంగా 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే వర్తిస్తుంది. ఇక నడుము నొప్పి, మెడ నొప్పి, పక్షవాతం తర్వాత చెయ్యి ఎత్తలేకపోవడం, మోకాలి ఆపరేషను తర్వాత నడక - ఇవి ఎక్కడ నయమవుతాయి? రోజుకు గంట చొప్పున నెలల తరబడి చేసే ఫిజియోథెరపీలో. ట్రాక్షను, కరెంటు చికిత్స, మైనం కాపడం, వ్యాయామం. రోగి నడిచి వస్తాడు, గంటకు ఇంటికి పోతాడు. పింఛనుదారుకు ఎక్కువగా కావలసిన వైద్యమే నిబంధనలో లేని వైద్యం. అక్కడ పుడుతుంది లేని మంచం.

1990లలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఊరు, శాఖ, పేర్లు అనవసరం. ఒక ఉద్యోగి నర్సింగ్ హోములో తొమ్మిది రోజులు చేరి వైద్యం చేయించుకున్నట్టు బిల్లు వచ్చింది. కాగితాలన్నీ సక్రమమే. సంతకాలు, ముద్రలు, గది అద్దె, నర్సు చార్జీలు అన్నీ ఉన్నాయి. అదే నెలలో అదే ఉద్యోగి టి.ఏ. బిల్లు కూడా మా దగ్గరకే వచ్చింది. అందులో ఆయన ఆ తొమ్మిది రోజులలో మూడు రోజులు ఎల్లారెడ్డి క్యాంపులో ఉన్నాడు. ఒకే మనిషి కామారెడ్డిలో మంచం మీదా, ఎల్లారెడ్డిలో డ్యూటీ మీదా ఎలా ఉంటాడు? రెండు బిల్లులూ అభ్యంతరం రాసి వాపసు పంపాం.

తర్వాత తెలిసిన విషయం ఇది. ఆయన నడుము నొప్పి నిజం. రెండు వారాలు సాయంత్రం పూట వెళ్లి ట్రాక్షను పెట్టించుకున్నాడు. ఫీజు కట్టాడు. "ఇట్ల రాస్తే మీకు పైసలు రావు, అడ్మిషను రాస్త" అని అక్కడి వారు సలహా ఇచ్చారు. ఫీజు గది అద్దెగా మారింది, మొత్తం మూడింతలైంది, మిగిలింది ఇద్దరూ పంచుకుందామనుకున్నారు. ఆయన మెడికల్ బిల్లు వెనక్కి తీసుకున్నాడు గానీ శాఖాపరమైన విచారణ తప్పలేదు. నడుము నొప్పితో బాధపడ్డ మనిషి చివరకు మెమోలతో బాధపడ్డాడు.

ట్రెజరీ కన్ను

'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అంటారు. ఈశ్వరుడి సంగతి ఏమో గానీ, పాత అకౌంటెంట్లు చాలామందినే పట్టారు. వారు నేర్పిన సూత్రాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. దొంగతనం నేర్పడానికి కాదు, ఏ అబద్ధమూ ఎంతోకాలం దాగదని చెప్పడానికి.

మొదటిది, బిల్లుల వరుస సంఖ్య. జూన్‌లో కొన్న మందు బిల్లు నంబరు 412, జులైది 413, ఆగస్టుది 414 అయితే ఆ దుకాణానికి మూడు నెలల్లో గిరాకీ ఒక్కడేనా? రెండోది తేదీ. డిశ్చార్జి అయిన మర్నాటి తేదీతో సెలైను సీసా కొంటే అది ఎవరికి ఎక్కించారు? మూడోది మందు బ్యాచ్ నంబరు, తయారైన నెల. మందు తయారు కాకముందే రోగి మింగినట్టు ఉన్న బిల్లులు ఉండేవి. నాలుగోది చేతిరాత. రెండు ఊళ్ల దుకాణాల బిల్లులు ఒకే సిరాతో, ఒకే దస్తూరీతో ఉంటే చెప్పేదేముంది? ఐదోది హాజరు. ఆసుపత్రిలో ఉన్న రోజులకు సెలవు లేకపోతే జీతం బిల్లే సాక్షి.

నేడు బీమా కంపెనీల కంప్యూటర్లు చేసే పని కూడా ఇదే. ఒక చిన్న క్లినిక్కు నుంచి వచ్చే బిల్లులన్నీ ఒకేలా ఉన్నాయా, అందరికీ సరిగ్గా పది సిట్టింగులేనా, ఒక ఫిజియోథెరపిస్టు ఒక రోజులో ఇరవై గంటలు పనిచేసినట్టు లెక్క తేలుతోందా అని చూస్తాయి. ఉన్న మంచాల కంటే చేరిన రోగులు ఎక్కువైతే యంత్రానికి వెంటనే తెలుస్తుంది. బీమా నిర్వచనం ప్రకారం పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో ఆసుపత్రి అనిపించుకోవాలంటే కనీసం 10 మంచాలు, రాత్రింబవళ్లు అర్హత గల నర్సులు, డాక్టరు, రోజువారీ రికార్డులు ఉండాలి. రెండు గదుల థెరపీ కేంద్రం దీనికి సరిపోదు. అలా సరిపోకపోవడం తప్పు కాదు. సరిపోయినట్టు రాయడమే తప్పు.

ఒకరి అబద్ధం, ఇంకొకరి ఆకలి

దొంగ బిల్లు వల్ల ప్రభుత్వానికో కంపెనీకో నష్టం, మనకేం అనుకునేవారికి ఈ భాగం మనవి.

ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక ఉపాధ్యాయుని భార్య వచ్చేది. భర్త గుండె జబ్బుతో ఒక నర్సింగ్ హోములో పన్నెండు రోజులు ఉండి చనిపోయాడు. బిల్లు పెట్టింది. అన్నీ నిజమైన కాగితాలే. దురదృష్టం ఏమిటంటే, అదే నర్సింగ్ హోము నుంచి అంతకుముందు వచ్చిన కొన్ని బిల్లులు బోగస్ అని తేలాయి. దాంతో అక్కడి బిల్లులన్నీ పై ఆఫీసు స్క్రూటినీకి పోయాయి. నిజం బిల్లు, దొంగ బిల్లు ఒకే కట్టలో కూర్చున్నాయి. పదకొండు నెలలు. ప్రతి నెలా మొదటి వారంలో ఆమె బస్సెక్కి వచ్చి బెంచీ మీద కూర్చునేది. అప్పు తెచ్చిన చోట వడ్డీ పెరుగుతోంది. ఒకనాడు ఆమె అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"సారూ, మా సారు పానం పోయింది నిజమే గద. మందులు కొన్నది అబద్ధమెట్లయితది?"

ఆమెకు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. ఎక్కడో ఎవరో ఇద్దరు పంచుకున్న కొన్ని వేల రూపాయలకు వడ్డీ కట్టింది ఆమె. తర్వాత బిల్లు మంజూరైంది. వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మోసం పెరిగినకొద్దీ తనిఖీలు పెరుగుతాయి. తనిఖీలు పెరిగినకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. బీమాలో అయితే ప్రీమియం కూడా పెరుగుతుంది. ఆసుపత్రులకు ఇచ్చే ప్యాకేజీ రేట్లు బిగుసుకుంటాయి, మంచి డాక్టర్లు పథకం మాకొద్దు అంటారు. అన్ని దారులూ చివరకు ముసలివాళ్ల దగ్గరికే వస్తాయి.

ఆరోగ్యశ్రీ, ఆ తర్వాత

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డు కుటుంబాలకు నగదు లేకుండా పెద్ద వైద్యం అందించే పథకం అది. మొదట బీమా కంపెనీ ద్వారా, 2008 నుంచి కొన్ని వైద్యాలకు ట్రస్టు ద్వారా నేరుగా నడిచింది. మన పాత నిబంధనలలో తనిఖీ అంతా వైద్యం అయిపోయాక జరిగేది. ఆరోగ్యశ్రీలో ముందే మొదలవుతుంది. ఆసుపత్రికి కనీసం 50 మంచాలు ఉండాలి. కేసు వివరాలు, పరీక్షలు, ఫోటో పంపి ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఆసుపత్రిలోనే ఆరోగ్యమిత్ర ఉంటాడు. ఎంతో ఆలోచించి కట్టిన కంచె అది. అయినా అనవసరపు ఆపరేషన్ల గురించి, రోగి దగ్గర వేరే డబ్బు గుంజడం గురించి ఫిర్యాదులు రాక మానలేదు. ఉద్యోగులకు, పింఛనుదారులకు నగదు రహిత ఆరోగ్య పథకం ఉత్తర్వులు ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో, 2013లో వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక అది ఇక్కడ కొనసాగింది. 2016లో వెల్‌నెస్ సెంటర్లు మొదలయ్యాయి.

'కంచే చేను మేస్తే' అన్న సామెత కూడా గుర్తుచేసుకోవాలి. 2019 సెప్టెంబరులో తెలంగాణ ఇ.ఎస్.ఐ. వైద్య విభాగంలో మందుల కొనుగోళ్ల అక్రమాలపై ఎ.సి.బి. వారు ఆ విభాగం డైరెక్టరునే అరెస్టు చేశారు. 2024 ఆగస్టులో ముఖ్యమంత్రి సహాయనిధికి దొంగ ఆసుపత్రి బిల్లులు పెట్టారని సి.ఐ.డి. వారు రాష్ట్రంలోని పలు ప్రైవేటు ఆసుపత్రులపై కేసులు నమోదు చేశారు. సహాయనిధి అంటే ఏ పథకమూ అందని పేదవానికి చివరి ఆసరా. అక్కడా లేని మంచమే!

దేశస్థాయిలో 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ బీమా పథకం మొదలైంది. 2021లో మన రాష్ట్రమూ చేరింది. మోసాల నిరోధానికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. అయినా 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఒక వింత బయటపెట్టింది. దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారుల పేర్లకు ఎదురుగా ఒకే సెల్ నంబరు ఉంది. ఆ నంబరులో పది అంకెలూ తొమ్మిదులే. లబ్ధిదారుని గుర్తించేది ఫోను నంబరుతో కాదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. అది నిజమే కావచ్చు. కానీ గడి ఖాళీగా ఉంచరాదని ఏదో ఒక అంకె నింపే గుమాస్తా అలవాటు మనకు తెలియనిది కాదు. ఆ అలవాటే దొంగకు తలుపు తీస్తుంది.

అమెరికా లెక్క

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. ఫిజియోథెరపీ చదివి అక్కడ స్థిరపడ్డ తెలుగు పిల్లలూ ఉన్నారు. అక్కడి పద్ధతి కొంచెం తెలుసుకోవడం మంచిది.

1863లో, అంతర్యుద్ధ కాలంలో, సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టి దొంగ బిల్లులు పెట్టిన కాంట్రాక్టర్ల కోసం అక్కడ తప్పుడు క్లెయిముల చట్టం చేశారు. మోసం బయటపెట్టిన సామాన్యునికి వసూలైన సొమ్ములో వాటా ఇస్తారు. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. 1965లో వృద్ధుల కోసం మెడికేర్ వచ్చాక, ఆ చట్టమే ఆసుపత్రుల బిల్లులకూ వర్తిస్తోంది.

థెరపీ విషయంలో అక్కడ నిమిషాల లెక్క ఉంది. చేతితో చేసే చికిత్సకు పావుగంట ఒక యూనిట్టు. కనీసం 8 నిమిషాలు చేస్తేనే ఒక యూనిట్టు బిల్లు వేయాలి. 23 నిమిషాలు అయితేనే రెండో యూనిట్టు. ఎన్ని నిమిషాలు చేశారో ఆ రోజు నోట్సులో రాయాలి. నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి వ్యాయామం చేయించి ఒక్కొక్కరికీ విడిగా చేసినట్టు రాయడం, సహాయకుడు చేసిన పనిని అర్హత గల థెరపిస్టు చేసినట్టు రాయడం నేరం. ఇంకొక మంచి పద్ధతి ఏమంటే, మీ పేరు మీద ఏ డాక్టరు ఏ తేదీన ఏ వైద్యానికి ఎంత బిల్లు పెట్టాడో కొన్ని నెలలకొకసారి రోగి ఇంటికే కాగితం వస్తుంది. చేయని వైద్యం అందులో కనిపిస్తే ఫోను చేయమని రాసి ఉంటుంది. అంటే రోగినే ఆడిటరుగా నియమించారన్నమాట. మంచం పక్కన ఎప్పుడూ ఉండేది రోగి ఒక్కడే గదా!

ఎర్ర బైండు పుస్తకం

ఇంతదూరం పోనవసరం లేదు. కామారెడ్డిలోనే మా మిత్రుడొకరికి పక్షవాతం వచ్చి తగ్గాక, కొన్ని నెలలు ఒక చిన్న థెరపీ కేంద్రానికి తోడుగా వెళ్లాను. ఒక గది, రెండు బల్లలు, ఒక ట్రాక్షను. నడిపేది ముప్పై దాటని కుర్రవాడు. అతని బల్ల మీద ఎర్ర బైండు పుస్తకం ఒకటి ఉండేది. రోగి వచ్చిన వేళ, చేసిన చికిత్స, ముగిసిన వేళ, తీసుకున్న ఫీజు రాసి, రోగి చేత సంతకం చేయించేవాడు. సంతకం చేయలేని వారి చేత వేలిముద్ర. మా మిత్రుడు మొదట వేలిముద్ర వేశాడు. మూడో నెలలో వంకర సంతకం పెట్టాడు. అది చూసి అందరం సంతోషించాం. లెక్క కోసం పెట్టిన పుస్తకమే వైద్యం ఎంత పనిచేసిందో కూడా చూపింది.

ఒకరోజు ఒక పెద్దమనిషి వచ్చి, వారం రోజులు అడ్మిషను ఉన్నట్టు రాసివ్వమని అడిగాడు. కుర్రవాడు నవ్వి అన్నాడు:

"ఫీజు తక్కువ తీస్కుంట గని సారూ, లేని మంచం ఉన్నదని మాత్రం రాయ."

చిన్న క్లినిక్కుకు మోసం నిరోధించడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. వరుస సంఖ్యల రసీదు పుస్తకం, రోజువారీ రిజిస్టరు, రోగి సంతకం, గోడ మీద రేట్ల పట్టిక చాలు. రేట్లు స్థానిక భాషలో కనిపించేలా పెట్టాలని కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు కూడా చెబుతున్నాయి. ఫీజు తీసుకునేవాడు, బిల్లు రాసేవాడు, ఖాతా చూసేవాడు ఒక్కడే కాకుండా ఉంటే ఇంకా మంచిది. ట్రెజరీలో బిల్లు చూసేవాడొకడు, పాసు చేసేవాడొకడు ఉండేది అందుకే. ఫిజియోథెరపీ వంటి వృత్తుల వారికి అర్హతలు, రిజిస్ట్రేషను గురించి 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసింది. కనుక వెళ్లేముందు అర్హత అడగడంలో మొహమాటం అక్కరలేదు.

సభ్యులకు మనవి

1. ఖాళీ క్లెయిము ఫారం మీద ఎన్నడూ సంతకం చేయవద్దు. 'మేం నింపుకుంటాం సార్' అంటే, నింపాకే చేస్తానని చెప్పండి.

2. ఆరోగ్య కార్డు, ఆధారు, పాలసీ కాగితాలు క్లినిక్కులో వదిలి రావద్దు.

3. ప్రతి సిట్టింగు తేదీ, వేళ ఇంట్లో క్యాలెండరు మీద రాసుకోండి. బిల్లు వచ్చినప్పుడు సరిచూడండి.

4. ప్రతి చెల్లింపుకూ నంబరున్న రసీదు తీసుకోండి. డిశ్చార్జి కాగితం, బిల్లు జిరాక్సులు దాచుకోండి.

5. ఆపరేషను తర్వాత డాక్టరు రాసి ఇచ్చిన థెరపీ ఖర్చు చాలా పాలసీలలో, సాధారణంగా డిశ్చార్జి అయిన 60 రోజుల వరకు, న్యాయంగానే వస్తుంది. అబద్ధం అవసరం లేకుండానే రావలసినది తెలియక పోగొట్టుకోవద్దు. పాలసీ చదివించుకోండి.

6. రీయింబర్సుమెంటు బిల్లుకు ఆరు నెలల గడువును మరవవద్దు. ఉత్తర్వులు మారుతుంటాయి కనుక తాజా జి.ఓ. సంఘం కార్యాలయంలో చూసుకోండి.

7. అన్యాయంగా క్లెయిము తిరస్కరిస్తే మొదట కంపెనీకి, తర్వాత హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. 1998 నుంచి ఉన్న సదుపాయం ఇది. ఆరోగ్యశ్రీ ఫిర్యాదులకు 104, ఆయుష్మాన్ భారత్‌కు 14555 నంబర్లు ఉన్నాయి.

చట్టం సంగతీ గుర్తుంచుకోవాలి. మోసానికి పాత శిక్షాస్మృతిలో 420 సెక్షను ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలో 318 సెక్షను వచ్చింది. నంబరు మారింది గానీ నేరం మారలేదు. 1980 పింఛను నిబంధనలలో 9వ నిబంధన ఒకటుంది. సర్వీసులో చేసిన తీవ్రమైన దుష్ప్రవర్తన విచారణలో రుజువైతే పింఛను ఆపే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది అదే. కనుక ఇంకా సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి. బీమాలోనూ అంతే. 2024 నియమాల ప్రకారం వరుసగా 60 నెలలు పాలసీ కొనసాగితే, పాత జబ్బు చెప్పలేదన్న వంకతో కంపెనీ క్లెయిమును తోసిపుచ్చరాదు. కానీ మోసం రుజువైతే ఆ రక్షణ ఉండదు.

అదే 2024లో మనకు అనుకూలమైన మార్పులూ వచ్చాయి. కంపెనీలు అన్ని వయసులవారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలన్న నియమం వచ్చింది. నగదు రహిత వైద్యానికి అనుమతి గంటలోపు, డిశ్చార్జి అనుమతి మూడు గంటలలోపు ఇవ్వాలని కంపెనీలను ఆదేశించారు. ఈ సౌకర్యాలు నిలబడాలంటే బిల్లులు నమ్మదగినవిగా ఉండాలి.

కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. ఎల్లారెడ్డి అందులో రెవెన్యూ డివిజను. 2023లో కామారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఒకప్పుడు హైదరాబాదు బస్సెక్కితే గానీ దొరకని వైద్యం క్రమంగా మన ఊరికి వస్తోంది. దానితోపాటు చిన్న క్లినిక్కులు, థెరపీ కేంద్రాలు, ల్యాబులు ఇంకా పెరుగుతాయి. బయటి రోగికి చేసే ఫిజియోథెరపీ ఖర్చును, ముఖ్యంగా పక్షవాతం, కీళ్ల ఆపరేషన్ల తర్వాతి వైద్యాన్ని, ఒక పరిమితి మేరకైనా పింఛనుదారులకు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరడం న్యాయమని నా అభిప్రాయం. నిజమైన అవసరానికి నిజమైన దారి ఉంటే లేని మంచం రాయవలసిన పని సగం తప్పుతుంది. ఈ విషయం వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.